మనిషి ఒక ఒడ్డున, పింఛను మరో ఒడ్డున

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు నన్ను కూడా నాలుగు మాటలు రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. నేను రచయితను కాను. ముప్పయ్యేళ్ళకు పైగా సబ్ ట్రెజరీలో గుమస్తాగా పనిచేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం నా బల్ల మీద ఉన్నవి పింఛను కాగితాలే. అందుచేత నాకు తెలిసిన పింఛను గురించే రాస్తాను. అయితే ఇది మన ఊళ్ళో తీసుకునే పింఛను సంగతి కాదు. మనిషి సముద్రానికి ఒక ఒడ్డున, అతనికి డబ్బు ఇచ్చే ఖజానా మరో ఒడ్డున ఉంటే ఏమవుతుందన్నది విషయం. ఈనాడు మన సభ్యులలో చాలామంది పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళి నెలల తరబడి ఉండి వస్తున్నారు. కొందరు అక్కడే ఉండిపోదామా అని ఊగిసలాడుతున్నారు. వారికి పనికిరావచ్చు.

2023 వేసవిలో నేనూ మా ఆవిడా కెనడాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాం. టొరంటో పక్కన మిస్సిసాగా అనే ఊరు. వెళ్ళిన మొదటి వారంలోనే నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఏది చూసినా రూపాయల్లోకి మార్చడం. అప్పుడు కెనడా డాలరు అరవై రెండు రూపాయలు. నా పింఛను అన్నీ కలిపి సుమారు 36 వేలు, అంటే 580 డాలర్లు. ఇక్కడ ఆ డబ్బుతో ఇద్దరం దర్జాగా బతుకుతున్నాం, పనిమనిషికి ఇస్తున్నాం, పండక్కి మనవడికి బట్టలు పెడుతున్నాం. అక్కడ టిమ్ హార్టన్స్‌లో రెండు డాలర్ల కాఫీ తాగితే నూట ఇరవై నాలుగు రూపాయలు గొంతులోంచి దిగుతున్నట్టు ఉండేది. మా అమ్మాయి "నాన్నా, లెక్కలు మానేసి తాగండి" అని కోప్పడేది. ట్రెజరీ గుమస్తా లెక్కలు మానేస్తే ఇంకేం మిగులుతుంది?

ఆ లెక్కల చెయ్యి తిరిగినవాడు కావడం వల్లే కాబోలు, అక్కడి పార్కులో ఒక ముసలాయనతో స్నేహం కలిసింది. ఆయన ఇంగ్లీషువాడు. ఎనభై ఎనిమిదేళ్ళు. ఇంగ్లండులో ఒక బట్టల దుకాణంలో గుమస్తా చేసి, 2000లో అరవై అయిదేళ్ళు నిండగానే భార్యతో సహా కెనడాలో ఉన్న కూతురి దగ్గరకు వచ్చేశాడు. మనలాగే. ఒకరోజు మాటల్లో నా పింఛను ఎంతని అడిగి, ప్రతి ఏడూ కరువు భత్యం కలుస్తుందా అన్నాడు. ఆర్నెల్లకోసారి లెక్క కడతారు, బకాయిల కోసం కాళ్ళరిగేలా తిరిగినా చివరికి కలుస్తుంది అన్నాను. ఆయన నవ్వి, "నాది 2000లో వారానికి 67 పౌన్ల 50 పెన్నీలు. ఇప్పుడూ అంతే" అన్నాడు.

నేను నమ్మలేదు. ఇరవై మూడేళ్ళపాటు ఒక్క పెన్నీ పెరగని పింఛను ఉంటుందా? మన దగ్గర అలా జరిగితే కలెక్టరేటు ముందు టెంటు వేసేవాళ్ళం. ఆ రాత్రి మా మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటరులో చూస్తే ఆయన మాట నిజమే. అక్కణ్ణించి ఒకదాని తరవాత ఒకటి చదువుతూ పోతే, ఈ కథ నూట యాభై ఏళ్ళ వెనక మన ఖజానా దగ్గరే మొదలైందని తెలిసింది.

కంపెనీ, ఆ తరవాత రాణిగారి ప్రభుత్వం, ఇక్కడ ఉద్యోగం చేసిన దొరలకు పింఛను ఇచ్చేవి. వాళ్ళు దాన్ని ఇంగ్లండులో కూర్చుని తినేవారు. మన తెలుగువాళ్ళు మరిచిపోని బ్రౌన్ దొర 1855లో ఇండియా వదిలి వెళ్ళి, లండనులో తెలుగు చెప్పుకుంటూ 1884 దాకా బతికాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర డార్కింగ్ అనే ఊళ్ళో 1899లో కన్నుమూశాడు. ఉద్యోగం చేసినంత కాలానికి సమానంగా విశ్రాంతి జీవితం గడిపిన దొరలు ఎందరో ఉన్నారు. వీళ్ళందరికీ డబ్బు కదిలేది ఇక్కడి శిస్తుల నుంచే. లండనులో ఇండియా తరఫున అయ్యే ఇలాంటి ఖర్చులన్నిటికీ కలిపి హోం చార్జీలు అని పేరు. దాదాభాయి నౌరోజీ దేశం సొమ్ము బయటికి కారిపోతోందని జీవితమంతా చెప్పిన లెక్కల్లో ఈ పింఛన్లూ ఒక పద్దు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ట్రెజరీవాడికి అదే రుచి. ఐ.సి.ఎస్. దొరకు పూర్తి సర్వీసు చేస్తే ఏడాదికి వెయ్యి పౌన్లు. ఆ వెయ్యి పౌన్లలోనే రాసి ఉండేది. ఆయన కింద పనిచేసిన మామూలు తెల్ల ఉద్యోగులకు, అంటే ఆనాటి భాషలో అన్‌కవనెంటెడ్ సర్వీసు వారికి, పింఛను రూపాయలలో. ముప్పయ్యేళ్ళు చేస్తే ఎక్కువలో ఎక్కువ ఏడాదికి 5000 రూపాయలు. 1870 ప్రాంతంలో రూపాయికి రెండు షిల్లింగులు, అంటే 24 పెన్నీలు వచ్చేవి. ఆ లెక్కన అయిదు వేలు అంటే 500 పౌన్లు. ఇంగ్లండులో మర్యాదగా బతకవచ్చు.

తరవాత జర్మనీ మొదలైన దేశాలు వెండి నాణేలు వదిలి బంగారానికి మారాయి. అమెరికా గనుల్లో వెండి కుప్పలుగా పడింది. వెండి ధర పడిపోతే వెండి రూపాయి దానితోపాటే పడిపోయింది. 1889 ప్రాంతానికి రూపాయికి సుమారు 16 పెన్నీలు. అదే అయిదు వేల రూపాయలు ఇప్పుడు 333 పౌన్లు. కాగితం మీద పింఛను ఒక్క పైసా తగ్గలేదు. కాని ఆ ముసలి దొరల ఇంటి అద్దెలో, బొగ్గు ఖర్చులో, పిల్లల ఫీజుల్లో మూడో వంతు మాయమైంది. వాళ్ళ గోల పార్లమెంటు దాకా వెళ్ళింది.

వెయ్యి పౌన్ల దొరకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఆయనకు వెయ్యి పౌన్లూ వస్తూనే ఉన్నాయి. నష్టం ఎవరికి? రూపాయికి 24 పెన్నీలు ఉన్నప్పుడు ఆయన కోసం ఇక్కడి ఖజానా 10 వేల రూపాయలు పంపితే సరిపోయేది. 1894-95లో రూపాయి 13 పెన్నీల చిల్లరకు దిగినప్పుడు అదే దొరకు 18 వేల రూపాయల పైచిలుకు పంపాలి. మన గోదావరి రైతు కట్టే శిస్తులోంచి. ఇక్కడ సర్వీసులో ఉన్న తెల్ల ఉద్యోగులకు కూడా నష్టం రాకుండా 1893లో మారకపు పరిహార భత్యం అని ఒకటి పెట్టారు. మన గుమస్తాలకు అది లేదు. ఎందుకుంటుంది, మనం డబ్బు పంపుకునే ఊరు ఇంగ్లండు కాదు కదా. చివరికి టంకశాలలు మూసి, పాట్లుపడి, 1899 నాటికి పౌనుకు 15 రూపాయల దగ్గర నిలబెట్టారు.

ఇది చదివినప్పుడు నాకు ఆ మామూలు దొరల మీద, నిజం చెప్పొద్దూ, కొంచెం జాలి కలిగింది. అయిదు వేల రూపాయలను పెన్నీలలోకి మార్చి నిట్టూర్చిన ఆ ముసలివాడూ, టిమ్ హార్టన్స్‌లో కాఫీ ముందు కూర్చున్న నేనూ ఒకే లెక్క చేస్తున్నాం.

స్వరాజ్యం వచ్చాక ఈ పింఛన్లు ఏమయ్యాయన్నది మనలో చాలామందికి తెలియదు. దేశం చేతులు మారింది, ఇక మనకెవరు ఇస్తారని అక్కడి విశ్రాంత దొరలు భయపడ్డారు. ఎగ్గొట్టే అవకాశం మనకుందని వాదించినవారూ ఉండే ఉంటారు. మనవాళ్ళు ఎగ్గొట్టలేదు. యుద్ధకాలంలో బ్రిటన్ మనకు బాకీపడ్డ స్టెర్లింగు నిల్వలలోంచి, 1948 ఒప్పందం ప్రకారం, ఈ పింఛన్ల కోసం 224 కోట్ల రూపాయలు ఒక్కసారిగా లెక్కగట్టి బ్రిటన్‌కు వదిలేశారు. అప్పటి లెక్కలో అది 16 కోట్ల 80 లక్షల పౌన్లు. 1955లో బ్రిటన్ చట్టం చేసి ఆ పింఛన్ల బాధ్యత తానే తీసుకుంది. మన్ను తిని పెరిగిన రూపాయి, మనల్ని ఏలినవాళ్ళ ముసలితనానికి చివరి దాకా కాపు కాసింది.

అదే 1955 నుంచి ఇంకో సంగతి మొదలైంది. నా పార్కు మిత్రుడి కథ అక్కడిదే.

బ్రిటన్‌లో జీతాల్లోంచి చందా కోసి, ముసలితనంలో ప్రభుత్వం ఇచ్చే పింఛను పథకం 1948 జులైలో అమలులోకి వచ్చింది. అప్పట్లో ఒంటరి మనిషికి వారానికి 26 షిల్లింగులు. 1955 నుంచి ఏ దేశం వెళ్ళి స్థిరపడినా ఆ పింఛను పంపుతాం అన్నారు. అక్కడ ఒక మెలిక పెట్టారు. పింఛను పంపుతాం గాని, ఏటేటా ఇచ్చే పెంపు మాత్రం కొన్ని దేశాల్లో ఉన్నవారికే. ఐరోపా దేశాలు, అమెరికా, ఫిలిప్పీన్స్, జమైకా, ఇజ్రాయెల్ వంటి చోట్ల ఉంటే పెరుగుతుంది. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఇండియా, పాకిస్తాన్‌లలో ఉంటే మొదటి చెల్లింపు ఎంతో చచ్చేదాకా అంతే. అక్కడివాళ్ళు దీన్ని ఫ్రోజెన్ పెన్షన్ అంటారు, మంచుగడ్డ కట్టిన పింఛను. లక్షల మంది ఇలా గడ్డకట్టుకుని ఉన్నారు. అందులో రాణిగారి బొమ్మ నాణేల మీద వేసుకున్న దేశాల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. పరాయిదైన అమెరికా వెళితే పెంపు, సొంత సామ్రాజ్యంలో భాగమైన కెనడా వెళితే లేదు. ఒప్పందాలు ఉన్న చోట ఇస్తారట, లేని చోట ఇవ్వరట. కెనడాతో ఒప్పందం ఉంది గాని అందులో పెంపు మాట లేదు! ఆస్ట్రేలియా విసిగిపోయి, ఈ కారణం మీదే 2001 మార్చిలో బ్రిటన్‌తో తన ఒప్పందాన్ని రద్దు చేసుకుంది.

మా అమ్మాయి ఆ వేసవిలో మమ్మల్ని నయాగరా చూపించడానికి తీసుకెళ్ళింది. అందరూ జలపాతం చూస్తున్నారు. నేను అవతలి ఒడ్డు చూస్తున్నాను. అది అమెరికా. మధ్యలో నది, దాని మీద ఒక వంతెన. నా మిత్రుడు ఆ వంతెన దాటి అవతల ఇల్లు తీసుకుంటే వారానికి 156 పౌన్ల 20 పెన్నీలు. ఇవతల 67 పౌన్ల 50 పెన్నీలు. ఆ ఏటి లెక్కలు అవి. "ఏమండీ, నీళ్ళు చూడక ఏం చూస్తున్నారు?" అంది మా ఆవిడ. చెబితే, "మీరు ఎక్కడికొచ్చినా ట్రెజరీయే" అంది.

దీని మీద కోర్టుకు వెళ్ళినవారు లేకపోలేదు. ఆనెట్ కార్సన్ అనే ఆమె 1990లో దక్షిణాఫ్రికా వెళ్ళి స్థిరపడింది. 2000లో ఆమెకు మొదలైన మూల పింఛను కూడా సరిగ్గా 67 పౌన్ల 50 పెన్నీలే. నేనూ అందరిలాగే చందా కట్టాను, ఉన్న చోటును బట్టి పెంపు ఆపడం వివక్ష అని ఆమె వాదన. 2005లో బ్రిటన్ ప్రభువుల సభ నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపు అయి ఆమె మాట తోసేసింది. 2010 మార్చిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలో పదకొండు మంది ఒకవైపు, ఆరుగురు మరోవైపు. అక్కడా ఓడింది. చందా కట్టడం వేరు, పింఛను వేరు, రెండింటికీ నేరుగా ముడి లేదు. ఈ పథకం ఆ దేశంలో ఉన్నవారి ఖర్చుల కోసం పెట్టింది. బయట ఉన్నవారూ లోపల ఉన్నవారూ ఒకటి కాదు అన్నది తీర్పు సారాంశం.

ఈ తీర్పు చదివి నేను మన 1982 డిసెంబరు 17 తలుచుకున్నాను. ఆ రోజే కదా నకారా కేసులో సుప్రీంకోర్టు, ఒక తేదీకి ముందు రిటైరైనవారూ తరవాత రిటైరైనవారూ అని గీత గీసి పింఛనుదారులను విడదీయడం చెల్లదని చెప్పింది. పింఛను దయాధర్మం కాదు, చేసిన కొలువుకు దక్కే హక్కు అంది. మన సంచిక వెలువడే సందర్భమే అది. మనకు తేదీ గీత చెరిగింది, వాళ్ళకు దేశం గీత చెరగలేదు. ఇందులో మనవాళ్ళకూ వాటా ఉందండోయ్. బ్రిటన్‌లో పాతికేళ్ళు ముప్పయ్యేళ్ళు వైద్యం చేసి హైదరాబాదుకో గుంటూరుకో తిరిగివచ్చిన తెలుగు డాక్టర్లకు, ఆసుపత్రి ఉద్యోగపు పింఛను వేరు, అది పెరుగుతుంది. ఈ ప్రభుత్వ పింఛను మాత్రం ఇండియాలో అడుగుపెడితే గడ్డకట్టుకుంటుంది. తిరిగి రావాలనుకునేవారు ఉంటే ముందే తెలుసుకోవాలి.

మన రూపాయి పింఛను సంగతికి వస్తాను. నా సర్వీసులో ఒక విశ్రాంత హెడ్మాస్టరు గారు ఉండేవారు. 1990లో అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్ళారు. పింఛను ఇక్కడ బ్యాంకులో పడుతూ ఉండేది. అక్కడికి తెప్పించుకునే దారి లేదు, ఆ రోజుల్లో విదేశ మారక ద్రవ్యం చట్టం 1973 నాటిది, రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా డాలరు కదలదు. ఏటా ఒకసారి బతికున్నట్టు ధృవపత్రం అక్కడి మన కాన్సులేటులో సంతకం చేయించి పంపేవారు. దానితోపాటు నాకో నీలం ఎయిరోగ్రాము, "డి.ఏ. ఎంత పెంచారు?" అని. ఆయన వెళ్ళినప్పుడు డాలరు పదిహేడు రూపాయల చిల్లర. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించారు. 1993లో ఆయన తిరిగివచ్చేసరికి ముప్పై ఒకటి దాటింది. పాస్ బుక్కు చూసుకుని, "ఏమోయ్, నా పింఛను ఇక్కడ పెరిగింది, అక్కడ తగ్గింది" అని పకపకా నవ్వారు. ఆ అక్కడా ఇక్కడా అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. 2004 నుంచి డబ్బు పంపుకునే దారి సులువైంది. మొదట ఏడాదికి 25 వేల డాలర్లు, ఇప్పుడు రెండున్నర లక్షలు. నా బోటి గుమస్తాకు ఆ హద్దు దాటే భయం లేదనుకోండి. బతికున్నామని రుజువు కూడా 2014 నుంచి వేలిముద్రతో, 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతోంది.

మిగిలింది ఆరోగ్యం. నిజమైన ఖర్చు ఇదే. కెనడాలో పిల్లలు తల్లిదండ్రులను సూపర్ వీసా మీద పిలిపించుకోవాలంటే లక్ష డాలర్లకు తగ్గకుండా వైద్య బీమా చూపించాలి. కట్టింది మా అమ్మాయి. ఎంతయిందో చెప్పలేదు. కాగితం నా కంటపడింది. నా నాలుగున్నర నెలల పింఛను. అక్కడి ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను కావాలంటే కనీసం పదేళ్ళు నివాసం ఉండాలి. డెబ్బయ్యో పడిలో వెళ్ళి స్థిరపడేవాడు ఎనభై దాటాక తీసుకోవాలన్నమాట. బీపీ, షుగరు మాత్రలు ఆరు నెలలకు సరిపడా ఇక్కడి నుంచే పెట్టెలో సర్దుకు వెళ్ళాం, చీటీతో సహా. పన్ను మాత్రం పెట్టెలో పెట్టుకుపోలేం కదా. మూడో నెలలో నాకు దవడ పన్ను సలపడం మొదలైంది. బీమాలో పళ్ళకు దారి లేదు. పీకడానికి మూడు వందల డాలర్లు అన్నారు. అంటే 18,600 రూపాయలు, నా సగం పింఛను పైన. అమ్మాయి ఇస్తానంది, అల్లుడు కారు తీశాడు. నేను ససేమిరా అన్నాను. లవంగ నూనె పెట్టుకుని మూడు నెలలు ఈడ్చి, ఇంటికి వచ్చిన మర్నాడే పీకించుకున్నాను. అది పొదుపు కాదు మొండితనం అని ఇప్పుడు ఒప్పుకుంటాను. మనకు కష్టం డబ్బు లేకపోవడం కాదు. జీవితమంతా ఎవరినీ చెయ్యి చాపి అడగనివాడు, తన డబ్బు నీళ్ళల్లా పలచబడిపోయిన చోట కన్నకూతురు దగ్గర కూడా చెయ్యి చాపలేడు. నా మిత్రుడూ అంతే. కూతురింట్లోనే ఉన్నా తిండి ఖర్చు కింద నెలనెలా ఆ పౌన్లలోంచి కొంత బల్ల మీద పెట్టేవాడట. ఏడాదికేడాదికీ అది ఎందుకూ చాలకుండా పోతున్నా.

బయలుదేరే ముందు ఆయన నన్ను ఒక మాట అడిగాడు. ఇంగ్లండు తిరిగి వెళితే ఆ వారం నుంచే తనకు పూర్తి పింఛను ఇస్తారు, వెళ్ళమంటావా అని. భార్య సమాధి కెనడాలోనే ఉంది. కూతురు, మనవలు అక్కడే. ఇంగ్లండులో ఉన్నది ఒక మేనకోడలు. ముప్పయ్యేళ్ళు పింఛను సలహాలు ఇచ్చినవాణ్ణి, దానికి నా దగ్గర జవాబు లేదు. కాగితాలన్నీ దగ్గర పెట్టుకోండి అని మాత్రం అన్నాను.

కిందటేడు మా అమ్మాయి చెప్పింది. 2024 శరత్కాలంలో ఆయన వెళ్ళిపోయాడట. అప్పటి లెక్కన వారానికి 169 పౌన్ల 50 పెన్నీలు వచ్చేవట. ఆదివారాలు మనవలను ఫోనులో చూస్తున్నాడట.

మమ్మల్ని మళ్ళీ రమ్మంటోంది, ఈసారి ఏడాదికి. నేనింకా ఏమీ చెప్పలేదు. మా ఆవిడ మాత్రం, వెళ్ళేట్టయితే ముందు ఇద్దరి పళ్ళూ చూపించుకుని మరీ వెళ్దాం అంటోంది.